ముడి గట్టిదైతేనే గాలం నిలుస్తుంది

గోదావరి నీళ్లు 2020లో సిద్దిపేట దగ్గరి రంగనాయకసాగర్ జలాశయాన్ని చేరాయి. ఆ చుట్టుపక్కల చెరువులు నిండితే గాలాలూ బయటికొస్తాయి. అందరి కన్నూ తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను మీదే. నాచులో పొంచి ఉండి ఒక్క ఊపున ఎరను లాగేస్తుంది. ఆ ఊపుకు దారం ఎక్కువగా తెగేది ముడి దగ్గరే.

ముందు దారం సంగతి. ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగను విసిరే ఫ్లై ఫిషింగ్‌లో లావు దారానికి, ఈగకు మధ్య ‘లీడర్’ ఉంటుంది. మొదట్లో లావుగా, పోనుపోను సన్నగా ఉండే దారమిది. విసురు బలాన్ని సాఫీగా కొసదాకా చేర్చి, ఈగను నీటిపై మెల్లగా వాలుస్తుంది. నైలాన్ లీడర్ మెత్తన, పైపై ఎరలకు నప్పుతుంది. ఫ్లోరోకార్బన్ దారం బరువెక్కువ, త్వరగా మునుగుతుంది, రాపిడికీ ఓర్చుకుంటుంది. కొర్రమీను పళ్లు పదును కాబట్టి కొస దారం మరీ సన్నంగా ఉండకూడదు.

ఇక గాలాన్ని దారానికి కట్టే క్లించ్ ముడి. దారాన్ని గాలం కంటిలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పాలి. కొసను కంటి పక్కనున్న సందులోంచి వెనక్కి తీయాలి. బిగించేముందు తప్పక తడపాలి. పొడిగా లాగితే రాపిడి వేడికి దారం బలం తగ్గుతుంది. చుట్లు ఒకదాని పక్కన ఒకటి సర్దుకునేలా నిదానంగా బిగించి, కొస కత్తిరించాలి.

చేప పడిన ప్రతిసారీ చివరి జానెడు దారాన్ని వేళ్లతో తడిమి చూడాలి. గరుకు తగిలితే అంతమేర కోసేసి, కొత్త ముడి వేయాలి.