వార్తల్లో పదం: సప్లయ్ చైన్ దాడి

ఒక సంస్థ సర్వర్ల మీద నేరుగా దాడి చేయకుండా, అది నమ్మి వాడే సాఫ్ట్‌వేర్‌లోనే ముందుగా హానికర కోడ్‌ను చొప్పించడమే సప్లయ్ చైన్ దాడి. నేటి ప్రోగ్రాముల్లో చాలా భాగం ఇతరులు రాసిన ఓపెన్ సోర్స్ లైబ్రరీలే. ఒక్కటి కలుషితమైనా దాన్ని వాడే వారందరికీ ముప్పే. 2020లో సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ అప్‌డేట్ల ద్వారా హ్యాకర్లు అమెరికా ప్రభుత్వ శాఖల్లోకి చొరబడింది ఇలాగే.

2024 నాటి ‘ఎక్స్‌జెడ్ యుటిల్స్’ ఉదంతం మరీ విచిత్రం. ఎక్స్‌జెడ్ అనేది లినక్స్‌లో ఫైళ్లను కుదించే టూల్. ‘జియా టాన్’ పేరుతో ఎవరో రెండేళ్లకు పైగా ఓపిగ్గా సాయపడుతూ నమ్మకం సంపాదించారు. నిర్వహణ హక్కులు చేతికొచ్చాక 5.6.0, 5.6.1 వెర్షన్లలో లాగిన్ వ్యవస్థలోకి చొరబడే దొంగదారి పెట్టారు. దాన్ని తెరిచే స్క్రిప్టు సోర్స్ కోడ్ భద్రపరిచే గిట్‌లో కనిపించదు, విడుదల చేసిన ప్యాకేజీలోనే ఉంటుంది. లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని అనుమానించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే మైక్రోసాఫ్ట్ ఇంజినీరు మార్చి 29న గుట్టు విప్పారు. ఆ వెర్షన్లు అప్పటికి ఎక్కువగా ప్రయోగదశ లినక్స్‌లకే చేరడంతో పెనుముప్పు తప్పింది.

ఇలాంటప్పుడు ఏ ప్రోగ్రాములో ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ ఉందో చెప్పే జాబితా ‘ఎస్‌బామ్’ అక్కరకొస్తుంది. మన దేశ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ దీనిపై 2024 అక్టోబరులో మార్గదర్శకాలిచ్చింది. జాబితా దాడిని ఆపలేదు. ఎక్కడెక్కడ సరిదిద్దాలో మాత్రం వెంటనే చూపిస్తుంది.