మన వంట గురించి ఫోనుకేం తెలుసు?

గత సంవత్సరం మా వారి రక్తపరీక్ష చూసి వైద్యులు ఒక మాట చెప్పారు: “చక్కెర వ్యాధి ఇంకా లోపలికి రాలేదు, గుమ్మంలో నిలబడి ఉంది. ఆరు కిలోల బరువు తగ్గండి.” ఎంత తింటున్నారో తెలియాలంటే ఫోనులో కేలరీలు లెక్కించే యాప్ పెట్టుకోమని మా మరిది సలహా ఇచ్చాడు. ఆ రాత్రే పెట్టుకున్నాం. వంట నా చేతిలో ఉంది గనుక లెక్క రాసే బాధ్యత కూడా నామీదే పడింది.

మూడు నెలలు గడిచాయి. యాప్ గీసిన హద్దును మేము ఒక్కరోజు కూడా దాటలేదు. తూకం మాత్రం 86 కిలోల దగ్గరే ఆగిపోయింది. “మీరు బయట ఏదో తింటున్నారు” అని నేను, “నువ్వు సరిగా రాయడం లేదు” అని ఆయన. భోజనం వేళ అనుమానాల వేళగా మారింది. చివరికి తేలిందేమంటే, మేమిద్దరం నిజమే చెబుతున్నాం. అబద్ధం చెప్పింది అంకె.

ఒకే బిర్యానీ, ఎన్నో లెక్కలు

ఒకరోజు యాప్‌లో ‘మటన్ బిర్యానీ, ఒక ప్లేటు’ అని వెతికాను. మొదటి లెక్కలో 290 కేలరీలు, దాని కింద 780, ఇంకా కిందికి పోతే మరో రెండు అంకెలు. ఏ ప్లేటు? ఎవరి ఇంటి బిర్యానీ? ఆ వివరం లేదు. ఇటువంటి అనేక యాప్‌లలో వంటకాల వివరాలను చేర్చేది నిపుణులు కారు, వాడుకరులే. ఎవరో తమకు తోచింది రాస్తారు, మరొకరు దాన్నే నమ్మి ఎంచుకుంటారు. తక్కువ అంకె కనిపిస్తే మన వేలు దానిమీదికే పోతుందన్నది కూడా నిజమే. నేనూ 290నే ఎంచుకున్నాను.

ఇంకొక పొరపాటు బియ్యానికీ అన్నానికీ మధ్య ఉంది. 100 గ్రాముల బియ్యంలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. అదే బియ్యం నీళ్లు పీల్చుకొని అన్నమైతే 100 గ్రాములకు సుమారు 130 మాత్రమే. పళ్లెంలోని అన్నాన్ని తూచి ‘బియ్యం’ అనే పేరు కింద రాస్తే లెక్క రెండున్నర రెట్లు పెరుగుతుంది. బియ్యాన్ని తూచి ‘అన్నం’ అని రాస్తే అంతకంతా తగ్గిపోతుంది. ‘ఒక కప్పు’ అన్న మాట కూడా అంతే. విదేశీ యాప్ దృష్టిలో కప్పు అంటే 240 మిల్లీలీటర్లు. మన ఇంట్లో కప్పు అంటే చాయ్ కప్పు కావచ్చు, పప్పు గిన్నె కావచ్చు.

నూనె డబ్బా చెప్పిన నిజం

మా ఇంటి చిక్కుముడి విప్పింది నూనె డబ్బా. మేము ఐదుగురం. నెలకు ఐదు లీటర్ల నూనె అయిపోతుంది. అంటే మనిషికి రోజుకు సుమారు 33 మిల్లీలీటర్లు, తూకంలో 30 గ్రాములు. గ్రాము నూనెకు 9 కేలరీల చొప్పున అది 270. నేను యాప్‌లో రాస్తున్నదో, రోజుకు ఒక టీస్పూను, అంటే 45 లోపే. కూరలో పోసినది, తాలింపులో వేసినది, పరాఠాపై రాసినది, అన్నీ నా చేతి అలవాటులో కలిసిపోయి కంటికి కనిపించలేదు.

బగారా అన్నాన్నే తీసుకోండి. అర కిలో బియ్యానికి 1750 కేలరీలు, 100 గ్రాముల నూనెకు 900, ఉల్లిపాయలు, మసాలా దినుసులకు మరో 100 వేసుకుంటే మొత్తం 2750. వండాక అన్నం కిలోన్నర తూగింది. అంటే 100 గ్రాములకు 183 కేలరీలు. 300 గ్రాములు వడ్డిస్తే 550. దాన్నే ‘అన్నం’ అని రాస్తే యాప్ చూపేది 390. ఒక్క పూటకే 160 తేడా!

చేతిపట్టీల లెక్క కూడా నమ్మదగినది కాదు. 2017లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏడు రకాల చేతిపట్టీలను పరీక్షించారు. గుండె వేగాన్ని వాటిలో చాలావరకు బాగానే కొలిచాయి. ఖర్చయిన కేలరీల విషయంలో మాత్రం అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. “నడిచాను కదా” అని పట్టీ చూపిన అంకెను తిండితో భర్తీ చేసుకుంటే తూకం కదలదు.

అసలు శాస్త్రం కూడా అంచనాయే. పిండిపదార్థానికి 4, మాంసకృత్తులకు 4, కొవ్వుకు 9 అన్న లెక్కను పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికా శాస్త్రవేత్త విల్బర్ అట్‌వాటర్ స్థిరపరిచాడు. నేటికీ అదే ఆధారం. అయితే 2012లో అమెరికా వ్యవసాయ శాఖ పరిశోధకులు పరీక్షించగా, 28 గ్రాముల బాదం నుండి శరీరానికి అందేవి సుమారు 170 కావనీ, 129 మాత్రమేననీ తేలింది. కాబట్టి ఏ యాప్ నుండీ అణువంత తేడా రాని లెక్కను ఆశించరాదు.

రమజాన్‌లో తారుమారైన రోజు

రమజాన్ వచ్చాక మరో వింత ఎదురైంది. మధ్యాహ్నం ఒంటిగంటకు “మీరు భోజనం నమోదు చేయలేదు” అని ఫోను గుర్తుచేసేది. దాని రోజు అర్ధరాత్రి పన్నెండింటికి ముగుస్తుంది. తరావీహ్ నుండి వచ్చాక తిన్నది ఒక తేదీలో, సహరీ మరో తేదీలో పడేది. ఇఫ్తార్‌లో అందరం ఒకే పళ్లెం చుట్టూ కూర్చుంటే ఎవరి వాటా ఎంతో ఏ యంత్రం చెప్పగలదు? బంధువుల ఇంట హలీం గిన్నె ముందు పెడితే తూకం యంత్రం తీయలేం కదా!

అన్నిటికంటే నన్ను భయపెట్టినది మా అమ్మాయి. పదో తరగతి చదువుతోంది. మమ్మల్ని చూసి, వయసు ఎక్కువ చెప్పి, అదే యాప్‌ను తానూ వాడసాగింది. ఒక రాత్రి అన్నం వడ్డించబోతే పళ్లెం జరిపి, “అమ్మీ, నాకు ఇవాళ ఇంక రెండు వందలే మిగిలాయి” అంది. నా చేతిలో గరిటె ఆగిపోయింది. ఎదిగే పిల్లకు ఆకలి కంటే అంకె ముఖ్యమైపోయింది. ఆ రాత్రే మాట్లాడుకున్నాం. ఆమె ఫోనులో యాప్ తీసేశాం. ఇకపై లెక్క వంటగదిలోనే ఉంటుంది, దస్తర్‌ఖాన్ మీదికి రాదు అని నియమం పెట్టుకున్నాం.

మాకు నప్పిన పద్ధతి

తర్వాత యాప్‌ను మార్చాము. ఈసారి ఎంచుకునే ముందు కొన్ని విషయాలు చూసుకున్నాం:

• మన వంటకాన్ని దినుసులవారీగా మనమే రాసి భద్రపరచుకునే వీలుందా?

• అంకెలు ఎక్కడి నుండి వచ్చాయో చెబుతుందా? హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహారపదార్థాలతో భారతీయ ఆహార విలువల పట్టికలను వెలువరించింది. 2019లో ‘న్యూట్రిఫై ఇండియా నౌ’ అనే యాప్‌ను తెచ్చింది. మన దినుసుల విలువలకు ఇవి మంచి ఆధారం. పట్టికల్లో శక్తి కిలోజౌళ్లలో ఉంటుంది. దాన్ని 4.184తో భాగిస్తే కేలరీలు వస్తాయి.

• గ్రాములలో రాయనిస్తుందా, లేక ‘ప్లేటు’, ‘కప్పు’ అనే సరిపెడుతుందా?

• రోజూ రాయడానికి పది నిమిషాలు మించుతుందా? మించితే నెలలోపే విసుగొచ్చి వదిలేస్తాం.

వంటింట్లో ఒక తూకం యంత్రం కొన్నాను. ప్రతి ఖాళీ దేగ్చీ బరువునూ తూచి గోడమీది కాగితంపై రాశాను. దినుసులను వేసేటప్పుడే తూస్తాను. వంటయ్యాక గిన్నెతో తూచి ఖాళీ బరువు తీసేస్తాను. మనం తరచుగా వండేవి పదిహేను ఇరవై వంటకాలే కదా! ఖట్టీ దాల్, దాల్చా, బగారా అన్నం, ఖీమా ఇలా ఒక్కొక్కటీ ఒక్కసారి లెక్కిస్తే ఆ తర్వాత గరిటె చాలు. విందుల రోజున అసలు రాయం. ఒక్కరోజు అంకె మీద కాదు, వారం తూకం సగటు మీద దృష్టి పెడతాం. తూకం కదలకపోతే యాప్‌ను నిందించకుండా నూనెనో, అన్నాన్నో కొంచెం తగ్గిస్తాం.

ఐదు లీటర్ల నూనె ఇప్పుడు మూడున్నరకు దిగింది. ఆరు నెలల్లో మా వారు నాలుగున్నర కిలోలు తగ్గారు. ఇంకా ఒకటిన్నర మిగిలి ఉంది.

ఒక హెచ్చరిక. ఇన్సులిన్ గానీ, చక్కెర మందులు గానీ వాడేవారు, గర్భిణులు, బాలింతలు వైద్యుణ్ణి సంప్రదించకుండా యాప్ చెప్పిన హద్దును పాటించరాదు. ఎదిగే పిల్లల చేతికి దీన్ని అసలే ఇవ్వవద్దు.

మొన్న రాత్రి మా అమ్మాయి రెండోసారి పప్పు వేయించుకుంది. ఎంత వేశానో నేను తూచలేదు, ఆమె అడగలేదు.