ఖరగ్‌పూర్ వీధులు, మోటారు ప్రయాణం, పౌరుల ఆరోగ్యం

కొన్ని పట్టణాలు నదీతీరాన వెలుస్తాయి, కొన్ని దేవాలయం చుట్టూ పెరుగుతాయి. పశ్చిమ బెంగాల్ రాష్ట్రం, పశ్చిమ మేదినీపూర్ జిల్లాలోని ఖరగ్‌పూర్ మాత్రం రైలు పట్టాల వెంట పుట్టిన పట్టణం. 19వ శతాబ్దం చివరి సంవత్సరాలలో బెంగాల్ నాగపూర్ రైల్వే ఇక్కడ జంక్షన్‌ను, దానితోపాటు పెద్ద వర్క్‌షాపును నెలకొల్పినది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుండి వేలాది తెలుగు కుటుంబాలు జీవనోపాధికై ఇక్కడకు తరలివచ్చినవి. బెంగాలీ, ఒడియా, హిందీ, పంజాబీ, తమిళం మాట్లాడేవారు కూడ వారి సరసనే స్థిరపడినారు. అందువలననే ఈ పట్టణానికి ‘మినీ ఇండియా’ అను పేరు వచ్చినది. 2020 డిసెంబరులో రాష్ట్ర మంత్రివర్గం తెలుగుకు అధికార భాషా హోదా కల్పించుటకు ఆమోదం తెలపడం ఈ సుదీర్ఘ సహజీవనానికి లభించిన గుర్తింపు.

ఈ పట్టణ నిర్మాణంలో గమనింపదగిన విశేషం ఒకటి ఉన్నది. మోటారు కారు సామాన్యునికి తెలియని రోజులలో రూపొందిన పట్టణమిది. కార్మికుని నివాసం, అతడు పనిచేసే వర్క్‌షాపు, సరుకులు కొనే గోల్ బజారు కాలినడకకో, సైకిలుకో అందే దూరంలో ఉండేటట్లు రైల్వే కాలనీ ఏర్పడినది. పనికి వెళ్ళిరావడంలోనే దేహానికి వ్యాయామం లభించేది. కాలక్రమేణ పట్టణం మలంచా, ఇందా, ప్రేమ్‌బజారు వైపులకు విస్తరించినది. 2011 జనాభా లెక్కల నాటికే పురపాలక సంఘ పరిధిలో రెండు లక్షలకు పైగా ప్రజలు ఉన్నారు. దూరాలు పెరిగినకొద్దీ మోటారు సైకిలు, ఆ తరువాత కారు, నిత్యావసరాలుగా మారుతున్నవి. ఈ మార్పు పౌరుల ఆరోగ్యంపై ఎట్టి ప్రభావం చూపుతుంది?

కూర్చున్న దేహం

ఈ ప్రశ్నకు తొలి సమాధానాలలో ఒకటి రవాణా కార్మికుల నుండియే లభించినది. లండన్ నగరంలో రెండంతస్తుల బస్సులు నడిపే డ్రైవర్లను, అదే బస్సులలో రోజంతా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు ఇచ్చే కండక్టర్లను జెరెమీ మోరిస్ అను వైద్యుడు తన సహచరులతో కలసి పరిశీలించినాడు. కూర్చొని పనిచేసే డ్రైవర్లలో కంటె కండక్టర్లలో గుండెజబ్బు తక్కువగా ఉన్నట్లు 1953లో ప్రకటించినాడు. అయితే డ్రైవర్లకు ఇచ్చిన దుస్తుల కొలతలు పరిశీలించగా, వారి నడుము చుట్టుకొలత మొదటినుండియే కొంత ఎక్కువగా ఉన్నట్లు తేలినది. ఈ సంగతిని కూడ అతడే 1956లో వెల్లడించినాడు. అనగా పని స్వభావమొక్కటే కారణమని చెప్పుటకు వీలులేదు. అయినను శరీరశ్రమకు, గుండె ఆరోగ్యానికి గల సంబంధాన్ని తరువాతి అధ్యయనాలు అనేకం బలపరచినవి.

అమెరికాలోని అట్లాంటా ప్రాంతంలో పదివేలమందికి పైగా పౌరులపై జరిగిన అధ్యయనం 2004లో వెలువడినది. రోజులో కారులో గడిపే ప్రతి అదనపు గంటకు స్థూలకాయం కలిగి ఉండే అవకాశం 6 శాతం అధికంగా, నడిచే ప్రతి అదనపు కిలోమీటరుకు సుమారు 5 శాతం తక్కువగా ఉన్నట్లు అందులో తేలినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 సూచనల ప్రకారం వయోజనులు వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శరీరశ్రమ చేయవలెను. ఖరగ్‌పూర్ వాసులకు ఈ లెక్క సులభంగా బోధపడుతుంది. వారి స్టేషను ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్ దానిని మించే వరకు ప్రపంచంలో అదియే పొడవైనదిగా ప్రసిద్ధి చెందినది. ఆ దూరాన్ని ఒకసారి నడిచి తిరిగివచ్చుటకు సుమారు అరగంట పడుతుంది. వారానికి ఐదు రోజులు అంతమాత్రం నడిచినా కనీస అవసరం దాదాపు తీరుతుంది.

గాలి, వేగం

రెండవ అంశం గాలి. డీజిల్ పొగ మానవులలో కేన్సరు కలిగిస్తుందని అంతర్జాతీయ కేన్సరు పరిశోధన సంస్థ 2012లో నిర్ధారించినది. 2000 సంవత్సరంలో సీసం కలిసిన పెట్రోలును తొలగించడం, 2020 ఏప్రిల్ నుండి భారత్ స్టేజ్-6 ప్రమాణాలను అమలుపరచడం మన దేశంలో మేలైన చర్యలు. అయితే ఇంజను ఎంత పరిశుభ్రమైనదైనా, టైర్లు, బ్రేకులు అరిగి వెలువడే ధూళి, రహదారి దుమ్ము మిగిలియే ఉంటాయి. కారు అద్దాలు మూసుకున్నవారు కూడ ఈ గాలినుండి పూర్తిగా తప్పించుకోలేరు.

మూడవ అంశం వేగం. 2022లో దేశవ్యాప్తంగా రహదారి ప్రమాదాలలో 1,68,491 మంది మరణించినారు. వారిలో 32,825 మంది పాదచారులు. సుమారు 75 వేలమంది ద్విచక్ర వాహనాలపై ప్రయాణించినవారు. సగటు వేగం ఒక శాతం పెరిగినచో ప్రాణాంతక ప్రమాదాల అవకాశం సుమారు 4 శాతం పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కలకత్తా నుండి చెన్నై వరకు సాగే 16వ జాతీయ రహదారి ఖరగ్‌పూర్ మీదుగానే పోతుంది. సుదూర ప్రయాణానికి తగిన వేగం పాఠశాల ముందున్న వీధికి తగదు.

వీధి, ఇరుగుపొరుగు

ఆరోగ్యమనగా రోగం లేకపోవడం మాత్రమే కాదు. మానసిక, సామాజిక క్షేమం కూడ అందులో అంతర్భాగమే. 1969లో శాన్ ఫ్రాన్సిస్కో నగరంలో డొనాల్డ్ యాపిల్‌యార్డ్ అను పట్టణ ప్రణాళికా నిపుణుడు మూడు వీధులను పరిశీలించినాడు. రోజుకు సుమారు 2,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కొక్క నివాసికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులు ఉండగా, 16,000 వాహనాలు తిరిగే వీధిలో ఒక్కరైనా పూర్తిగా లేరు.

బహుభాషా పట్టణానికి ఈ సత్యం మరింత వర్తిస్తుంది. ఒక తెలుగు బాలుడు బెంగాలీ నేర్చుకొనేది తరగతి గదిలో కంటె వీధిలో ఆటలాడుకొనే వేళనే ఎక్కువ. గుమ్మం ముందు కూర్చొని పొరుగింటి ఒడియా గృహిణితో సుఖదుఃఖాలు చెప్పుకొనే అవకాశం వాహనాల హోరులో ఉండదు. వీధి నిర్భయంగా ఉన్నచోట పరిచయం పెరుగుతుంది. పరిచయమున్నచోట అపోహలు తగ్గుతాయి. జాతీయ సమైక్యతకు ఉపన్యాసాలు ఎంత అవసరమో, నింపాదిగా నిలబడి మాట్లాడుకొనుటకు అనువైన వీధులు కూడ అంత అవసరం.

కర్తవ్యం

మోటారు వాహనాన్ని నిషేధించమని ఎవరును కోరరు. రోగికి, వృద్ధునికి, రాత్రివేళ ఇల్లు చేరవలసిన ఉద్యోగినికి అది అత్యవసరం. ఏప్రిల్, మే నెలల ఎండలో నీడలేని దారిన నడవమని హితవు చెప్పడం కూడ న్యాయం కాదు. నడిచేవారికి చెట్లనీడ, ఆక్రమణలు లేని కాలిబాట, సైకిలు నిలుపుకొనుటకు భద్రమైన స్థలం ముందుగా కల్పించవలెను. పట్టణాన్ని రెండుగా విభజించే రైలుపట్టాలను దాటే మార్గాలు పాదచారులకు సురక్షితంగా ఉండవలెను. ప్రజలెక్కే టోటోలు క్రమపద్ధతిలో నడిచినచో చిన్న దూరాలకు సొంత వాహనం తీయవలసిన అవసరం తగ్గుతుంది.

ఇందుకు అడ్డుగా నిలిచేది పరిపాలనా విభజన. రైల్వే కాలనీ రోడ్లు రైల్వే అధీనంలో, ఇతర వీధులు పురపాలక సంఘం అధీనంలో, జాతీయ రహదారి కేంద్ర సంస్థ అధీనంలో ఉన్నవి. ఒకరి సరిహద్దు వద్ద కాలిబాట ఆగిపోయినచో నడిచే మనిషి అక్కడే రోడ్డుమీదకు దిగవలసివస్తుంది. వీరందరు కలసి ఒకే పథకం రూపొందించినప్పుడే ప్రయోజనం చేకూరుతుంది. 1951లో హిజ్లీలో ప్రారంభమైన ఐ.ఐ.టి. ఆవరణలో సైకిలు నేటికిని విద్యార్థుల ముఖ్యవాహనం. సైకిలు పేదరికానికి చిహ్నమనే భావన సరియైనది కాదని పట్టణవాసులకు చూపుటకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ అక్కరలేదు.

నడవదగిన పట్టణాన్ని కొత్తగా నిర్మించుటకు అనేక నగరాలు నేడు అపారధనం వెచ్చిస్తున్నవి. ఖరగ్‌పూర్‌కు అది పూర్వతరాల కార్మికుల నుండి సంక్రమించిన ఆస్తి. దానిని కాపాడుకొనడం ఆ తరాల మనుమల ఆరోగ్యానికే కాక, అనేక భాషలవారు ఒకే వీధిలో బ్రతికే సంప్రదాయానికి కూడ రక్ష.