మంద తిరిగిన నేలలో ద్రాక్ష సిరి

కేతేపల్లి: మందను అమ్మి తోట పెడితే కుటుంబం నిలదొక్కుకోగలదా? మేతభూములు తరిగిపోతున్న కొద్దీ గొర్రెల పెంపకందారులకు ఎదురయ్యే ప్రశ్న ఇది. బత్తాయికి పేరొందిన నల్గొండ జిల్లాలో తోటల పెంపకం కొత్త కాదు. కానీ మంద తిరిగిన నేల ద్రాక్ష తోటగా మారాలంటే ఎంత ఓర్పు కావాలో న్యూజిలాండ్‌లోని మిల్స్ కుటుంబం అనుభవం చెబుతోంది.

నాడు గొర్రెల క్షేత్రం

ఆ దేశపు దక్షిణ ద్వీపంలో, వానాక సరస్సు ఒడ్డున ‘రిప్పన్’ ద్రాక్ష తోట ఉంది. ఒకప్పుడు ఇది వానాక స్టేషన్ అనే విశాలమైన గొర్రెల క్షేత్రంలో భాగం. 1912లో పెర్సీ సార్‌గుడ్ ఆ క్షేత్రాన్ని కొనుగోలు చేశారు. పోర్చుగల్‌లోని డౌరో లోయలో పలకరాతి నేలపై ద్రాక్ష పండటం చూసిన ఆయన మనుమడు రోల్ఫ్ మిల్స్‌కు తమ నేల కూడా అలాంటిదేనని తోచింది. చలి ప్రాంతంలో ద్రాక్ష పండుతుందన్న నమ్మకం అప్పట్లో చాలామందికి లేదు. రోల్ఫ్, ఆయన భార్య లోయిస్ 1970వ దశకం మధ్యలో ప్రయోగాత్మకంగా మొక్కలు నాటారు. ఏ రకం నిలుస్తుందో ఏళ్ల తరబడి పరిశీలించి, 1982లో వాణిజ్య సాగుకు దిగారు. 2000లో రోల్ఫ్ మరణించారు. ఫ్రాన్స్‌లోని బర్గండీలో పని నేర్చిన కుమారుడు నిక్ 2002లో తిరిగి వచ్చి వైన్ తయారీ బాధ్యతను చేపట్టారు.

రాయితీలు పోయాక..

1982లో న్యూజిలాండ్‌లో సుమారు 7 కోట్ల గొర్రెలు ఉండేవి. 1984 నుంచి ప్రభుత్వం వ్యవసాయ రాయితీలను తొలగించడంతో గొర్రెల పెంపకం గిట్టుబాటు తగ్గింది. ఇప్పుడు వాటి సంఖ్య రెండున్నర కోట్లకు లోపే. మార్ల్‌బరో ప్రాంతంలోనైతే 1973 నుంచే మేతభూములు ద్రాక్ష తోటలుగా మారసాగాయి. అయినా గొర్రెలు పూర్తిగా దూరం కాలేదు. చలికాలంలో ఆకు రాలిన తోటల్లోకి వాటిని వదిలి కలుపును మేపిస్తున్నారు.

మనకు వర్తించేదెంత?

మన ఊళ్లలో ‘వైన్స్’ అంటే మద్యం దుకాణం. అసలు వైన్ అంటే ద్రాక్షరసాన్ని పులియబెట్టి తయారుచేసే పానీయం. దీని తయారీకి ఎక్సైజ్ శాఖ అనుమతి తప్పనిసరి. తెలంగాణకు ద్రాక్ష కొత్త కాదు. హైదరాబాద్ పరిసరాలు అనాబ్-ఎ-షాహీ రకానికి ప్రసిద్ధి. అయితే ఇక్కడి రైతులు ప్రధానంగా తినే పండునే అమ్మారు. నగరం విస్తరించడంతో తోటలు చాలావరకు ఇళ్ల స్థలాలయ్యాయి.

వాతావరణమూ వేరు. చలి దేశాల్లో తీగ శీతకాలమంతా నిద్రాణంగా ఉంటుంది కనుక ఏడాదికి ఒక్కసారి కత్తిరిస్తే చాలు. మన వద్ద ఆ విరామం లేనందున ఏప్రిల్‌లో ఒకసారి, అక్టోబరులో మరోసారి కత్తిరించాలి. పందిరి, నీరు, కూలీల ఖర్చు తప్పదు.

జీవాలున్న రైతులు మరో జాగ్రత్త పాటించాలి. తోటలో మంద పెడితే ఎరువు దక్కుతుంది. కానీ బూజు తెగులుకు చల్లే బోర్డో మిశ్రమంలో రాగి ఉంటుంది. రాగిని గొర్రెలు తట్టుకోలేవు. మందు పడిన ఆకు, గడ్డి మేస్తే ప్రాణానికే ముప్పు.

మిల్స్ కుటుంబానికి తొలి మొక్క నుంచి వాణిజ్య సాగుకు చేరడానికే అర దశాబ్దానికి పైగా పట్టింది. అంతకాలం ఇల్లు గడిచే మార్గం చూసుకోకుండా మందను అమ్ముకుంటే తోట చేతికి రాకముందే అప్పు మిగులుతుంది.