వ్యాధి జాడ తెలిపే ఆప్టమర్లు

మెదడు పొరలకు సోకే క్షయ అతి ప్రమాదకరమైన వ్యాధి. చికిత్స ఆలస్యమైతే ప్రాణమే పోవచ్చు. ప్రాణం దక్కినా చూపునో వినికిడినో కోల్పోయినవారున్నారు. దీనిని నిర్ధారించడమే కష్టం. వెన్ను నుండి తీసిన ద్రవంలో క్షయక్రిములు బహు స్వల్పంగా ఉంటాయి కనుక సూక్ష్మదర్శినికి తరచుగా చిక్కవు. ప్రయోగశాలలో పెంచి చూద్దామంటే వారాలు పడుతుంది. రోగికి అంత వ్యవధి ఎక్కడిది? క్రిమి కంటబడకున్నా దాని ప్రోటీను దొరికితే చాలునని శాస్త్రజ్ఞులు ఆలోచించారు.

ప్రోటీనులను పట్టడానికి చిరకాలంగా ప్రతిరక్షకాలను వాడుతున్నారు. వాటిని జంతువులలోనో, జీవకణాలలోనో తయారుచేయాలి. ఒక విడతకూ మరొక విడతకూ గుణంలో తేడా రావచ్చు. ఆప్టమర్ల సంగతి వేరు. ఇవి డి.ఎన్.ఏ. లేక ఆర్.ఎన్.ఏ.తో కూర్చిన పొట్టి పోగులు. అక్షరక్రమం తెలిస్తే యంత్రంతో ఎన్నిసార్లయినా అదే పోగును కూర్చవచ్చు. ఆ పోగు తనలో తాను ముడుచుకొని ఒక ఆకృతిని పొందుతుంది. ఆ ఆకృతికి అమరిన ప్రోటీనును గట్టిగా అంటిపెట్టుకొంటుంది.

సరియైన పోగును ఎన్నుకొనే పద్ధతిని 1990లో కొలరాడోలో క్రెయిగ్ టూర్క్, లారీ గోల్డ్, బోస్టన్‌లో ఆండ్రూ ఎలింగ్టన్, జాక్ షోస్టాక్ వేరువేరుగా ప్రకటించారు. 'సరిపడునది' అనే అర్థం గల లాటిన్ మాటకు 'భాగం' అనే గ్రీకు మాటను జోడించి ఆప్టమర్ అని పేరు పెట్టినవారు ఎలింగ్టన్, షోస్టాక్‌లే. పద్ధతి మన రైతు విత్తనాలను జల్లెడ పట్టడం వంటిదే. ముందుగా సుమారు కోటి కోట్ల రకాల పోగులను ప్రోటీనుతో కలుపుతారు. అంటుకోనివాటిని కడిగివేస్తారు. అంటుకొన్నవాటిని విడదీసి, వాటి ప్రతులను పెంచి, మళ్ళీ జల్లిస్తారు. ఇలా పది విడతలు జరిపేసరికి ఆ ప్రోటీనును గట్టిగా పట్టే కొద్ది పోగులు మాత్రమే మిగులుతాయి.

ఫరీదాబాద్‌లోని ట్రాన్స్‌లేషనల్ హెల్త్ సైన్స్ అండ్ టెక్నాలజీ ఇన్‌స్టిట్యూట్ పరిశోధకులు మరికొందరితో కలిసి, క్షయక్రిమిలోని హెచ్.ఎస్.పి.ఎక్స్. అనే ప్రోటీనుకు ఇటువంటి ఆప్టమర్లను రూపొందించి 2018లో ఫలితాలను ప్రచురించారు. పరీక్ష తీరు సులభమే. రోగి ద్రవాన్ని చిన్న గుంటలున్న పలకలో పోస్తారు. ప్రోటీను ఉంటే గుంట అడుగున అంటుకొంటుంది. దానిపై గుర్తు తగిలించిన ఆప్టమరును వేసి కడుగుతారు. పట్టు దొరికిన ఆప్టమరు నిలిచిపోతుంది, దొరకనిది నీటితో పోతుంది. పిదప ఎంజైమును, రంగునిచ్చే పదార్థాన్ని చేరిస్తే వ్యాధి ఉన్నచోట రంగు తేలుతుంది.

ఇందులో చిక్కులు లేకపోలేదు. రక్తంలోని ఎంజైములు ఈ పోగులను, ముఖ్యంగా ఆర్.ఎన్.ఏ. పోగులను, త్వరగా తుంచివేస్తాయి. అందుచేత వాటి రసాయన నిర్మాణాన్ని కొంత మార్చవలసి ఉంటుంది. శుద్ధమైన ప్రోటీను ఎదుట చక్కగా పనిచేసిన ఆప్టమరు, వేలాది ఇతర ప్రోటీనులున్న రక్తంలో తడబడవచ్చు. కనుకనే కొత్త ఆప్టమరును రోగుల నమూనాలతోపాటు ఆ వ్యాధి లేనివారి నమూనాలపైన కూడా పరీక్షించి చూస్తారు.