కాకతీయ కాలువ చివరి ఆయకట్టు: యాసంగిలో వంతు నీటికి తగిన పంట

వరంగల్ ప్రాంతంలో కాలువ నీటిని నమ్ముకున్న రైతులకు యాసంగి ఏటా ఒక పరీక్షే. 1963లో పోచంపాడు వద్ద శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టు గోదావరి నీరు కాకతీయ కాలువ గుండా 146 కిలోమీటర్లు ప్రయాణించి కరీంనగర్ దగ్గరి దిగువ మానేరుకు, అక్కడి నుంచి వరంగల్ వైపు వస్తుంది. దూరం పెరిగేకొద్దీ ఇంకుడు, ఆవిరి నష్టాలు పెరుగుతాయి. ఎగువన వరి విస్తీర్ణం పెరిగితే ముందు ఎండేది చివరి భూములే.

నీటి లెక్క

యాసంగిలో కాలువ నీటిని నిరంతరం కాకుండా వంతుల (ఆన్ అండ్ ఆఫ్) పద్ధతిలో వదులుతారు. కాలువ కట్టేసిన రోజుల్లో చల్క నేలల్లోని వరి మడి నెర్రెలిస్తుంది.

వరికి పంటకాలంలో సుమారు 1,200 మి.మీ. నీరు కావాలి. అంటే ఎకరాకు దాదాపు 48 లక్షల లీటర్లు. మొక్కజొన్నకు 500 మి.మీ., అంటే 20 లక్షల లీటర్లు చాలు. ఒక ఎకరం వరికి పెట్టే నీటితో రెండెకరాలకు పైగా మొక్కజొన్న పండుతుంది.

తూము నుంచి ఒక క్యూసెక్కు నీరు 24 గంటలు పారితే సుమారు 24.5 లక్షల లీటర్లు. 50 మి.మీ. తడి చొప్పున 12 ఎకరాలకు సరిపోతుంది. మూడో వంతు నీరు దారిలోనే పోయినా 8 ఎకరాలు తడుస్తాయి. మీ తూము కింద ఎన్ని ఎకరాలున్నాయో ఈ లెక్కతో పోల్చి చూసుకోవాలి.

పంట ఎంపిక

- బోరు లేదా బావి ఆసరా లేని చివరి రైతులు వరి జోలికి పోకుండా మొక్కజొన్న, వేరుశనగ, నువ్వులు వంటి ఆరుతడి పంటలు వేసుకోవాలి.
- మొక్కజొన్నలో పూత, పీచు దశలో, వేరుశనగలో ఊడలు దిగే దశ నుంచి కాయ ఊరే వరకు తడి తప్పకూడదు. నీటి విడుదల తేదీలు తెలుసుకుని, ఈ దశలు వంతు రోజులకు కుదిరేలా విత్తుకోవాలి.
- బోరు ఉండి వరి వేసిన వారు మడిని నిత్యం నింపి ఉంచనక్కర్లేదు. నాటు కుదురుకున్నాక, రంధ్రాలున్న పైపును మడిలో పాతి, నీటిమట్టం నేలకు 15 సెం.మీ. దిగువకు చేరినప్పుడు మళ్లీ తడి ఇవ్వాలి. పూత దశలో మాత్రం పలుచగా నీరు నిలిపి ఉంచాలి.

తూము కింది రైతులు కలిసి చేయాల్సినవి

ఉమ్మడి రాష్ట్రంలో 1997లో వచ్చిన చట్టం నీటి వినియోగదారుల సంఘాలకు వారబందీ పట్టిక తయారీ, కాలువల నిర్వహణ, తగాదాల పరిష్కారం అప్పగించింది. సంఘం పాలకవర్గం పనిచేయని చోట కూడా తూము కింది రైతులు ఈ పనులు చేసుకోవచ్చు.

1. నీరు వదలడానికి ముందే పంట కాలువలో పూడిక, తుంగ, గుర్రపుడెక్క తీసేయాలి.
2. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలో కాగితం మీద రాసుకోవాలి. వీలైతే చివరి రైతు నుంచి వంతు మొదలుపెట్టాలి.
3. రాత్రి వంతు ఒకరి మీదే పడకుండా ప్రతి విడతకూ మార్చుకోవాలి.
4. కాలువకు గండి కొట్టడం, అడ్డుకట్ట వేయడం, మోటార్లు పెట్టడం కనిపిస్తే నీటిపారుదల శాఖ ఏఈకి రాతపూర్వకంగా తెలపాలి.

పొట్ట దశలో ఎండిన వరికి ఆ తర్వాత ఎంత నీరొచ్చినా గింజ రాదు, పెట్టుబడీ తిరిగి రాదు. అందుకే నారు పోయకముందే తూము లెక్క చూసుకుని, మీ ఏఈఓతో మాట్లాడి పంట నిర్ణయించుకోండి.