గోడ ముందా, సరిహద్దు ముందా?

రోమన్లు సరిహద్దు గోడలు కట్టింది అప్పటికే వేరువేరుగా బతుకుతున్న జాతుల మధ్యనేనా అని ఓ పాఠకుడు అడిగారు. ఇంత మంచి ప్రశ్నను వచ్చే నెలకు వాయిదా వేయలేను.

క్రీ.శ. 122లో హేడ్రియన్ చక్రవర్తి బ్రిటన్ వచ్చాడు. ఆయన పేరుతో పిలిచే గోడ పని ఆ రోజుల్లోనే మొదలైంది. ఉత్తర ఇంగ్లండ్‌లో, దీవి సన్నబడిన చోట, ఈ తీరం నుంచి ఆ తీరానికి 117 కిలోమీటర్లు.

అసలు సంగతి గోడ కింద ఉంది. న్యూకాజిల్ పరిసరాల తవ్వకాల్లో పలుచోట్ల పునాదుల కింద నాగటి చాళ్లు బయటపడ్డాయి. అంటే గోడ లేచింది బీడులో కాదు, రైతు దున్నుకుంటున్న పొలంలో! దానికి అటూ ఇటూ ఉన్నవి ఒకే తరహా గుండ్రటి ఇళ్లు. తేడా తర్వాత వచ్చింది. గోడకు ఉత్తరాన, చుట్టూ కందకాలు తవ్వుకుని బతికిన రైతుల నివాసాలను ఇటీవలి దశాబ్దాల్లో తవ్వి చూశారు. రేడియోకార్బన్ లెక్కల ప్రకారం, వాటిలో పలు నివాసాలు గోడ వచ్చిన కాలానికే పాడుబడ్డాయి.

ఎందుకని? గోడకు రోమన్ మైలుకో చిన్న కోట, దానికో గుమ్మం, అక్కడ సైనికులు. పశువుల మేతకైనా చుట్టాలింటికైనా వాళ్ల కళ్లముందు నుంచే పోవాలి. రైన్ నది సరిహద్దులో ఈ బాధ ఎలా ఉండేదో రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అవతలి ఒడ్డు టెంక్టెరీ జనం ఇవతలి వాళ్లను కలవాలంటే ఆయుధాలు వదిలి, కాపలా మధ్య, డబ్బు కట్టి రావాలి. నాలుగు తరాలు అలా గడిస్తే ఒకే జనం రెండు జనాలవుతారు.

ఇక్కడ జూలియస్ సీజర్ తప్పుదోవ పట్టించాడు. రైన్‌కు పడమట గాల్ జాతులు, తూర్పున జర్మన్లు అని గీత గీశాడు. కానీ రైన్‌కు ఎంతో తూర్పున, డాన్యూబ్ దగ్గరి మాన్షింగ్‌లో బయటపడ్డ పట్టణం గాల్ పట్టణాల కోవలోదే. జర్మనీలో వాల్‌డ్యూర్న్ నుంచి వెల్జ్‌హైమ్ దాకా రోమన్ సరిహద్దు దాదాపు 80 కిలోమీటర్లు కొండలూ లోయలూ లెక్కచేయకుండా తిన్నగా సాగుతుంది. ఏ సంస్కృతీ అంత తిన్నగా ఆగిపోదు. అది సర్వేయర్ల పని.

హేడ్రియన్ గోడే ఇంగ్లండ్‌కూ స్కాట్లాండ్‌కూ సరిహద్దు అన్న అపోహ ఇంకా పోలేదు. గోడ మొత్తం ఇంగ్లండ్‌లోనే ఉంది. తూర్పు తీరంలో నేటి సరిహద్దు దానికి దాదాపు 90 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది. కాబట్టి పాఠకుడి ప్రశ్నకు నా జవాబు: ముందు పుట్టింది గోడే.